రోజూ వాడే కంచాలు, చెంచాలు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం వంటింటి సామాను గురించే ఉన్నాయి. పండుగలకు, చుట్టాలు వచ్చినప్పుడు మాత్రమే బయటికి తీసే ఖరీదైన సామాను సంగతి మరొకసారి చూద్దాం. రోజుకు రెండు మూడుసార్లు వాడి, కడిగి, బోర్లించే కంచాలు, గిన్నెలు, చెంచాల గురించి అడిగిన ప్రశ్నలనే ఇక్కడ తీసుకున్నాము.

ప్రశ్న: మా ఇంట్లో ఆరుగురం. మా అత్తగారికి, మామగారికి స్టీలు కంచంలో తప్ప అన్నం తిన్నట్టుండదు. పిల్లలిద్దరికీ తెల్లటి పళ్లేలే కావాలి. గృహప్రవేశానికి కానుకగా వచ్చిన స్టీలు కంచాలు ఏడాది తిరక్కుండానే సొట్టలు పడి, బల్ల మీద పెడితే ఊగుతున్నాయి. ఓపల్ వేర్ (తెల్లటి గాజు) సెట్టులో సగం పళ్లేలకు అంచులు పెచ్చులూడాయి. పనిమనిషి రోజుకొకసారి వచ్చి, సింకు పక్కన గ్రానైటు గట్టు మీద పెట్టి తోముతుంది. పదేళ్లు నిలిచేటట్టు ఏవి కొనాలి, ఎన్ని కొనాలి?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట గ్రానైటు గట్టు. భోజనం చేసేటప్పుడు కంచం పాడవడం చాలా అరుదు. తోమేటప్పుడు రాతికి తగిలి, బోర్లించేటప్పుడు ఒకదాని అంచు మరొకదానిపై పడి, తడిచేతితో అలమరలోకి ఎత్తేటప్పుడు జారి అది దెబ్బతింటుంది. అందువల్ల దుకాణంలో కంచాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు, అది మీ సింకులో ఎన్నాళ్లు బతుకుతుందో ముందు ఆలోచించండి. బల్ల మీద అందంగా ఉంటుందా లేదా అన్నది ఆ తరువాతి సంగతి. మీ ఇంటికి నేను సూచించేది ఇది: అన్నానికి మందమైన స్టీలు కంచాలు, పలహారాలకూ పిల్లలకూ ఏ పువ్వూ గీతా లేని తెల్లటి ఓపల్ వేర్ పళ్లేలు. రెండింటినీ సెట్టుగా కొనకుండా, ఒక్కటొక్కటిగా విడిగా దొరికే రకాలలోనే ఎంచుకోండి.

ముందు స్టీలు సంగతి. మీ కానుక కంచాలు సొట్టలు పడడానికి అసలు కారణం బహుశా రేకు పలచన కావడమే. రేకు మందాన్ని వ్యాపారులు గేజిలో చెబుతారు. గేజి సంఖ్య పెరిగేకొద్దీ రేకు పలచబడుతుందన్న సంగతి తెలియక, పెద్ద సంఖ్య విని సంతోషపడేవారు ఉన్నారు. 22 గేజి రేకు సుమారు 0.7 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. 26 గేజి రేకు 0.45 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అమ్మేవారు చెప్పిన గేజిని నమ్మాలా వద్దా అన్న సందేహం అక్కరలేదు, ఎందుకంటే తూకం అబద్ధం చెప్పదు. 12 అంగుళాల వ్యాసం గల గుండ్రటి స్టీలు రేకు 22 గేజిలో సుమారు 410 గ్రాములు, 26 గేజిలో సుమారు 265 గ్రాములు తూగుతుంది. కంచానికి నిలువు అంచు కూడా ఉంటుంది కాబట్టి ఇంకొంత బరువు కలుస్తుంది. ఈ లెక్క ప్రకారం, 12 అంగుళాల కంచం 300 గ్రాముల లోపు తూగితే దానిని రోజువారీ వాడకానికి తీసుకోకండి. హైదరాబాద్ బేగంబజార్‌లో స్టీలు సామానును కిలో లెక్కన అమ్మే దుకాణాలు ఇప్పటికీ ఉన్నాయి. కాటా ఎదురుగానే ఉంటుంది కాబట్టి ఒకే కొలత గల రెండు మూడు కంచాలను విడివిడిగా తూయించి పోల్చుకోవడానికి మొహమాటపడనక్కరలేదు. కంచాన్ని రెండు చేతులతో అంచుల దగ్గర పట్టుకొని కొద్దిగా మెలిపెట్టి చూడడం, గాజు కౌంటరు మీద పెట్టి ఒక అంచున వేలితో నొక్కి ఊగుతుందేమో చూడడం కూడా అక్కడే పూర్తిచేయండి. అడుగున గుండ్రంగా ఒక గాడి నొక్కి ఉన్న కంచం, అదే మందం గల చదునైన కంచం కంటే గట్టిగా నిలబడుతుంది.

స్టీలు రకాన్ని తేల్చడానికి చాలామంది అయస్కాంతం పట్టుకెళ్తారు. ఆ పరీక్ష సగమే పనికొస్తుంది. 304 రకం స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. దానికి అయస్కాంతం అంటుకోదు. అయితే నికెల్‌ను తగ్గించి మాంగనీసు ఎక్కువగా కలిపి చేసే 202 అనే చౌక రకానికీ అంటుకోదు. నికెల్ దాదాపుగా లేని 430 రకానికి మాత్రం గట్టిగా అతుక్కుంటుంది. అంటే అయస్కాంతం 430ని పట్టిస్తుందే గాని, అసలు గందరగోళమంతా ఉన్న 304, 202ల మధ్య తేడాను చెప్పలేదు. పైగా అచ్చులో లోతుగా సాగదీసిన మంచి 304 గిన్నెకు కూడా అంచు దగ్గర అయస్కాంతం కాస్త లాగినట్టు అనిపించవచ్చు. దానిని చూసి మోసం జరిగిందని దుకాణదారుతో తగవుపడకండి. నా అభిప్రాయంలో అన్నం తినే కంచానికి ఈ తేడా ప్రాణాంతకమైనది కాదు. తిన్న వెంటనే కడిగి ఆరబెట్టే ఇంట్లో 202 కంచం కూడా ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఉప్పు, చింతపండు, ఊరగాయ గంటల తరబడి నిలవ ఉండే గిన్నెలకు, డబ్బాలకు మాత్రం 304 కోసం అదనంగా పెట్టే డబ్బు వృథా కాదు. ఎందుకంటే ఉప్పులోని క్లోరైడు స్టీలు పైపొరను చిన్న చిన్న గుంటలుగా తొలిచేస్తుంది, నికెల్, క్రోమియం తక్కువైన స్టీలు దానికి త్వరగా లొంగిపోతుంది.

స్టీలు, అల్యూమినియం పాత్రలకు ఐ.ఎస్.ఐ. గుర్తును తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో ఉత్తర్వు వెలువరించింది. స్టీలు పాత్రలకు వర్తించే ప్రమాణం ఐ.ఎస్. 14756. నిజమైన గుర్తులో పైన ఈ ప్రమాణం సంఖ్య, కింద ‘సి.ఎం./ఎల్.’ అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉంటాయి. ఆ లైసెన్సు సంఖ్యను భారత ప్రమాణాల సంస్థ వారి బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో కొట్టి చూస్తే తయారీదారు వివరాలు తెలుస్తాయి. కంచం వెనుక ఉత్తి ‘304’ అని మాత్రమే ముద్రించి, ఇవేవీ లేకపోతే ఆ అంకెకు పెద్దగా విలువ ఇవ్వకండి.

అంచును కూడా వేలితో తడిమి చూడండి. కొన్ని గిన్నెలకు అంచును వెలుపలికి మడిచి వదిలేస్తారు. ఆ మడత పూర్తిగా మూసుకోకపోతే అందులో నీరు, జిడ్డు చేరి, బోర్లించినప్పుడు నల్లటి చుక్కలుగా కారుతుంది. లోపల ఖాళీ ఉండే రెండు పొరల గిన్నెలు, గ్లాసులు కొనేటప్పుడు ఈ జాగ్రత్త ఇంకా అవసరం. ఒకసారి అతుకులోంచి నీరు పోయిందంటే అది బయటికి రాదు. కొత్త కంచాన్ని వాడబోయే ముందు దూదిని వంటనూనెలో ముంచి తుడిస్తే మెరుగు పెట్టిన మందు నల్లగా దూదికి అంటుకుంటుంది. ఆ తరువాత వేడినీటితో, సబ్బుతో కడగాలి. స్టిక్కరును తీయడానికి కంచాన్ని పొయ్యి మంట మీద పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దానివల్ల స్టీలు రంగు మారి నీలం, పసుపు మరకలు పడతాయి. స్టిక్కరు మీద కొంచెం నూనె రాసి అరగంట ఆగితే సరిపోతుంది. కంచం మీద పేరు చెక్కించదలచుకుంటే అడుగున వెలుపలి వైపే చెక్కించండి. అన్నం కలిపే చోట గీత పడితే అందులో మురికి నిలుస్తుంది.

ఇక ఓపల్ వేర్. ఇది పింగాణీ కాదు, తెల్లగా కనిపించేలా చేసిన గాజు. తయారీలో దానిని వేడిచేసి ఒక్కసారిగా చల్లార్చడం వల్ల పైపొర లోపలికి బిగుసుకొని ఉంటుంది. అందుకే మామూలు గాజు పగిలే దెబ్బకు అది పగలదు. కానీ దాని బలమంతా పైపొరలోనే ఉంది. అంచుకు రాతి దెబ్బ తగిలి ఆ పొర దాటి బీట లోపలికి పోతే, ఆ రోజు ఏమీ కాకపోయినా మరొక రోజు చేతిలో ఉండగానే పగిలిపోవచ్చు. మీ పళ్లేలలో అంచు పెచ్చూడినవాటిని పిల్లలకు పెట్టకుండా తీసివేయడం మంచిది. ‘పగలనివి’ అన్న ప్రకటనలను ‘సులభంగా పగలనివి’ అని చదువుకోండి. కొత్తవి కొనేటప్పుడు అంచు పలచగా, పదునుగా ఉన్నవాటికి బదులు, గుండ్రంగా, కాస్త మందంగా ఉన్నవి చూడండి. బంగారు గీత ఉన్నవి వద్దు. మైక్రోవేవ్‌లో ఆ గీత నిప్పురవ్వలు చిమ్ముతుంది, పీచుకు నాలుగు నెలల్లో చెరిగిపోతుంది కూడా. పువ్వుల డిజైన్లు వద్దనడానికి కారణం నాకు పువ్వులంటే అయిష్టం కాదు, తయారీదారులు డిజైన్లను తరచుగా మారుస్తారు. మూడేళ్ల తరువాత రెండు పళ్లేలు పగిలితే అదే పువ్వు మళ్లీ దొరకదు, ఉత్తి తెలుపైతే దొరుకుతుంది.

ఎన్ని కొనాలన్నది మనుషుల సంఖ్యతో పాటు కడిగే వేళను బట్టి కూడా ఉంటుంది. మీ ఇంట్లో రోజుకు ఒక్కసారే తోముతారు కాబట్టి ఆరుగురికి ఆరు కంచాలైతే రెండో పూటకు ఎవరో ఒకరు హడావుడిగా కడుక్కోవలసి వస్తుంది, ఆ హడావుడిలోనే సామాను పడిపోతుంది. పన్నెండు స్టీలు కంచాలు, ఎనిమిది ఓపల్ పళ్లేలు, పన్నెండు స్టీలు గిన్నెలు మీకు చాలు. వీటితో పాటు ఒక మందపాటి రబ్బరు చాప కొని గట్టు మీద పరచండి. ఈ మొత్తం కొనుగోలులో అన్నిటికంటే చౌకైనది, అన్నిటికంటే ఎక్కువ సామానును కాపాడేది అదే.

ప్రశ్న: మేము శాకాహారులం. బోన్ చైనా కప్పులలో నిజంగానే ఎముకలు ఉంటాయా? ఉంటే, వాటికి బదులు ఏమి వాడవచ్చు?
— ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: ఉంటాయి. పశువుల ఎముకలను కాల్చి చేసిన బూడిదను తెల్లమట్టితోను, మరొక రకమైన రాతిపొడితోను కలిపి బోన్ చైనాను తయారుచేస్తారు. 18వ శతాబ్దం చివర ఇంగ్లండులో స్థిరపడిన పాత పద్ధతిలో సగం వంతు ఎముక బూడిదే. పళ్లేన్ని వెలుతురుకు అడ్డంగా పట్టి వెనుక వేళ్లు కదిపితే నీడ కనిపిస్తుందని, దానినిబట్టి బోన్ చైనాను గుర్తుపట్టవచ్చని అంటారు గాని, పలచటి పింగాణీలో కూడా అలాగే కనిపిస్తుంది. తేడా రంగులో ఉంటుంది. బోన్ చైనా తెలుపులో కొంచెం మీగడ ఛాయ, పింగాణీ తెలుపులో కొంచెం నీలి ఛాయ కనిపిస్తాయి. ఆచారం కోసం అడుగుతున్నారు కనుక కంటి చూపు మీద ఆధారపడకండి. పింగాణీ, స్టోన్‌వేర్ (బాగా కాల్చి రాయిలా గట్టిపరచిన మట్టి సామాను), గాజు మీకు అభ్యంతరం లేనివి. ఓపల్ వేర్ తయారీదారులలో ఎముక బూడిద వాడలేదని పెట్టె మీదనే ముద్రించేవారు ఉన్నారు. ఆ మాట చూసి కొనండి.

ప్రశ్న: చెంచాలు ఎన్నిసార్లు కొన్నా గట్టి ఐస్‌క్రీము తీయగానే వంగిపోతున్నాయి. కొన్నిటి మీద తుప్పు చుక్కలు వస్తున్నాయి. స్టెయిన్‌లెస్ స్టీలు అని రాసి ఉన్నా ఎందుకిలా? సెట్టు కొనాలా, విడిగా కొనాలా?
— ఒక పాఠకురాలు, తార్నాక

జవాబు: వంగడం, తుప్పు పట్టడం రెండూ వేర్వేరు జబ్బులు. ఒకదానికి మందం, మరొకదానికి లోహం కారణం.

చెంచా వంగేది మెడ దగ్గర, అంటే గుంట ముగిసి కాడ మొదలయ్యే చోట. చౌక చెంచాలను ఒకే మందం గల పలచటి రేకులోంచి కత్తిరించి అచ్చు వేస్తారు. మెడ దగ్గర వెడల్పు తక్కువ కాబట్టి బలమంతా అక్కడే తగ్గిపోతుంది. మంచి చెంచాకు మెడ దగ్గర లోహం ఎక్కువగా ఉంటుంది, గుంట అంచు వైపు పలచబడుతుంది. దుకాణంలో చెంచాను పక్కనుంచి చూస్తే ఈ తేడా కంటికే తెలుస్తుంది. అన్నం చెంచాకు కాడ 2.5 మిల్లీమీటర్లు, టీ చెంచాకు 2 మిల్లీమీటర్లు మందం ఉంటే రోజువారీ మోటు వాడకానికి సరిపోతుంది. బొటనవేలితో మెడ మీద గట్టిగా నొక్కి చూడండి. దుకాణదారు వద్దంటే అది వంగుతుందని ఆయనకు ముందే తెలుసన్నమాట.

చెంచా వెనుక కనిపించే 18/8, 18/10, 18/0 అంకెలలో మొదటిది క్రోమియం శాతం, రెండవది నికెల్ శాతం. 18/8కీ 18/10కీ ఇంటి వాడకంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, కాబట్టి రెండోదాని కోసం ఎక్కువ పెట్టనక్కరలేదు. 18/0కు అయస్కాంతం అంటుకుంటుంది. ఉప్పు తడిలో వదిలేస్తే దానికి మరకలు త్వరగా వస్తాయి. అయితే 18/10 అని రాసిన పలచటి చెంచా కూడా వంగుతుంది, 18/0 అయినా మందంగా ఉన్న చెంచా వంగదు. రెండింటిలో ఒకటే ఎంచుకోవలసి వస్తే నేను మందాన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే మరకను తోమి పోగొట్టవచ్చు.

తుప్పు చుక్కల విషయంలో నిర్ణయానికి వచ్చే ముందు సింకు దగ్గరి పీచును చూడండి. మామూలు ఇనుప పీచుతో తోమితే దాని సన్నటి పోగులు చెంచా మీద అతుక్కొని, తడిలో అవే తుప్పు పడతాయి. వంటసోడాను తడిపి మెత్తటి గుడ్డతో రుద్దితే ఆ చుక్కలు పోతాయి, పోయాక కింద లోహం నున్నగానే ఉంటుంది. అలా కాక గుంటలు కనిపిస్తే అది చెంచా లోపమే. బట్టల తెలుపు కోసం వాడే బ్లీచింగు ద్రావణంలో చెంచాలను నానబెట్టడం, ఉప్పు డబ్బాలో చెంచాను రోజుల తరబడి వదిలేయడం కూడా గుంటలు పడడానికి కారణాలే. చాకుల సంగతి వేరు. పదును నిలవడానికి వాటి అలుగుకు కార్బన్ ఎక్కువగా, క్రోమియం తక్కువగా ఉండే గట్టి స్టీలును వాడతారు, నికెల్ ఉండదు. కాబట్టి ఎంత మంచి సెట్టులోనైనా ముందుగా చుక్కలు వచ్చేది చాకుకే. కడిగిన వెంటనే తుడిచి పెట్టడం తప్ప దానికి మందు లేదు.

సెట్టు వద్దు. ఇరవై నాలుగు వస్తువుల సెట్టులో ఆరు చాకులు, ఆరు ఫోర్కులు వస్తాయి. చేత్తో అన్నం తినే మన ఇళ్లలో ఆ చాకులు పెట్టెలోనే ఉండిపోతాయి. ఫోర్కులు నూడుల్సుకు, పండ్ల ముక్కలకు నాలుగైదు చాలు. కొనేటప్పుడు వాటి పళ్ల మధ్య సందులను గోటితో గీరి చూడండి. అక్కడ మెరుగు పెట్టకుండా వదిలేసినవి నోటికి గరుకుగా తగులుతాయి. అన్నం చెంచాలు పన్నెండు, టీ చెంచాలు పద్దెనిమిది కొనండి. టీ చెంచాలు టిఫిను డబ్బాలతో బడికి, ఆఫీసుకు వెళ్లి తిరిగి రాని వస్తువులు కాబట్టి వాటికి డిజైను లేని రకాన్నే ఎంచుకుంటే తగ్గినప్పుడల్లా కలుపుకోవచ్చు. చెంచా గుంట మరీ చదునుగా ఉంటే సాంబారు నిలవదు, ఈ చిన్న సంగతిని మరచిపోయి కాడ మీది నగిషీ చూసి కొనేవారు ఎక్కువ. చెక్క, ప్లాస్టిక్ పిడి అతికించినవి, బంగారు రంగు పూత వేసినవి పీచుతో తోమే ఇంటికి పనికిరావు.

ప్రశ్న: మా పాప పగలగొట్టకుండా ఉంటుందని మెలమైన్ పళ్లేలు కొన్నాము. వాటిలో వేడి పప్పుచారు పోయవచ్చా? మైక్రోవేవ్‌లో పెట్టవచ్చా?
— ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. పొగలు కక్కే పప్పుచారు, రసం, పులుసు వంటివి కూడా పోయకపోవడం మంచిది. మెలమైన్ ఒక రకమైన ప్లాస్టిక్. పులుపు, అధిక వేడి రెండూ కలిసినప్పుడు అందులోని పదార్థాలు ఆహారంలోకి దిగడం ఎక్కువవుతుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఈ విషయంలో సుమారు 70 డిగ్రీల సెల్సియస్‌ను ఒక హద్దుగా చెబుతూ, మెలమైన్ పాత్రలలో ఆహారాన్ని వేడిచేయవద్దని సూచించింది. ఇడ్లీలు, బిస్కెట్లు, పండ్ల ముక్కలు పెట్టుకోవడానికి అవి బాగానే ఉంటాయి. పైన మెరుపు పోయి, గీతలు పడి, పసుపు మరక వదలని పళ్లేన్ని పారవేయండి. పాపకు అన్నం పెట్టడానికి అంచు ఎత్తుగా ఉన్న చిన్న స్టీలు కంచానికి మించినది ఇంతవరకు రాలేదని నా నమ్మకం.

ప్రశ్న: మా నాయనమ్మ గారివి నాలుగు కంచు కంచాలు, రెండు ఇత్తడి గిన్నెలు నా వాటాకు వచ్చాయి. వాటిని అలంకారానికి పెట్టడం ఇష్టం లేదు. రోజూ వాడుకోవచ్చా?
— ఒక పాఠకుడు, సరూర్‌నగర్

జవాబు: కంచు కంచాలను తప్పకుండా వాడుకోవచ్చు, అయితే ముందుగా అవి కంచువేనని నిర్ధారించుకోండి. కంచు సుమారు 78 పాళ్ల రాగి, 22 పాళ్ల తగరం కలిసిన లోహం. ఇత్తడి రాగి, జింకుల కలయిక. ఇత్తడి పసుపుపచ్చగా మెరుస్తుంది. కంచు కాస్త గోధుమ, బూడిద ఛాయలో ఉండి, అంచున వేలితో కొట్టినప్పుడు చాలాసేపు మోగుతుంది. మోత బొంగురుగా వచ్చి చప్పున ఆగిపోతే ఎక్కడో బీట ఉందని అర్థం. ఎన్నో తరాలు నిలిచే ఈ లోహానికి ఉన్న బలహీనత ఏమిటంటే, స్టీలు సొట్టపడే చోట ఇది పగులుతుంది. పగిలిన కంచును అతికించడం దాదాపు అసాధ్యం. కాబట్టి గ్రానైటు గట్టు ఉన్న ఇంట్లో వీటిని పనిమనిషికి వదలకుండా మీరే కడుక్కోండి. చింతపండుతో రుద్ది, నీళ్లతో బాగా కడిగి, వెంటనే తుడవాలి. డిష్‌వాషర్‌లో వేయకూడదు. పప్పు, నెయ్యి, కూర, అన్నానికి ఇబ్బంది లేదు. పెరుగన్నం, ఊరగాయ కలిపిన అన్నం మాత్రం పెట్టిన వెంటనే తినేయాలి, అందులోనే వదిలి ఉంచకూడదు.

ఇత్తడి గిన్నెలకు లోపల కళాయి ఉండాలి. లేకపోతే పులుపు తగిలినప్పుడు రాగి దిగి, ఆహారం చిలుముతో ఆకుపచ్చగా మారి చేదెక్కుతుంది, వాంతులకు కూడా దారితీస్తుంది. కళాయి అంటే తగరపు పూత. గిన్నెను వేడిచేసి, నవాసారం అనే ఉప్పు చల్లి, కరిగిన తగరాన్ని దూదితో లోపలంతా పట్టిస్తారు. నగరంలో కళాయి వేసేవారు తగ్గిపోయారు గాని, బేగంబజార్‌లోని ఇత్తడి దుకాణాలలో అడిగితే ఆచూకీ చెబుతారు. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కాబట్టి కళాయి గిన్నెను పొయ్యి మీద ఖాళీగా ఉంచకండి, ఇనుప పీచు తాకించకండి. లోపల పసుపుపచ్చటి లోహం మచ్చలుగా బయటపడినప్పుడు మళ్లీ కళాయి వేయించాలి.

ప్రశ్న: మా అపార్టుమెంటులో బోరు నీళ్లే. డిష్‌వాషర్ కొన్నప్పటినుంచి గాజు గ్లాసులు మసకబారుతున్నాయి, స్టీలు గిన్నెల మీద తెల్లటి చారలు వస్తున్నాయి. గ్లాసులు మార్చాలా, యంత్రం మార్చాలా?
— ఒక పాఠకురాలు, మణికొండ

జవాబు: రెండూ మార్చే ముందు ఒక మసక గ్లాసును తీసుకొని, లోపల వెనిగర్ రాసి పది నిమిషాల తరువాత కడిగి చూడండి. తెల్లదనం పోతే అది బోరు నీటిలోని సున్నం. గ్లాసుకు ఏమీ కాలేదు. బోరు నీరు చాలాచోట్ల కఠినంగా ఉండే మన నగరంలో ఎక్కువగా జరిగేది ఇదే. డిష్‌వాషర్‌లో ఉప్పు పోసే అర నిండుగా ఉందో లేదో, నీటి కఠినత్వాన్ని తెలిపే అమరిక మీ నీటికి తగినట్టు పెట్టారో లేదో చూడండి. యంత్రం అమర్చిన మనిషి సాధారణ అంకె పెట్టి వెళ్లిపోవడం మామూలే. ఆ ఉప్పు గిన్నెల మీద పడదు, నీటిని మెత్తబరిచే భాగాన్ని శుభ్రం చేయడానికి మాత్రమే ఉపయోగపడుతుంది. వంట ఉప్పు అందులో పోయకండి. వెనిగర్ రాసినా మసక పోకపోతే గాజు పైపొరే అరిగిందన్నమాట. అధిక వేడి, అవసరానికి మించిన సబ్బు పొడి కలిసి చేసే పని అది; ఆ గ్లాసు మళ్లీ తేటపడదు.

అల్యూమినియం గిన్నెలు, కంచు, ఇత్తడి, చెక్క పిడి చాకులు డిష్‌వాషర్‌లో వేయవద్దు. వెండి చెంచాలను స్టీలు చెంచాలకు తగిలేటట్టు ఒకే బుట్టలో పెట్టకండి. ఇకముందు పళ్లేలు కొనేటప్పుడు డిష్‌వాషర్ అరల ఎత్తును, మైక్రోవేవ్ గుండ్రటి పళ్లెం వ్యాసాన్ని టేపుతో కొలుచుకొని వెళ్లండి. చిన్న మైక్రోవేవ్‌లలో ఆ పళ్లెం సుమారు 25 సెంటీమీటర్లే ఉంటుంది, 11 అంగుళాల భోజనం పళ్లెం అందులో తిరగదు.

ప్రశ్న: నుమాయిష్‌లో (హైదరాబాద్‌లో ఏటా జరిగే ప్రదర్శనలో) కొన్న చేతితో రంగులు వేసిన మట్టి పళ్లేల మీద బూడిద రంగు గీతలు పడ్డాయి. కొన్నిటిలో వెంట్రుక వంటి బీటలు కనిపిస్తున్నాయి. వాడవచ్చా?
— ఒక పాఠకురాలు, అత్తాపూర్

జవాబు: బూడిద గీతలు పళ్లేనివి కావు, స్టీలు చెంచా రాసుకుపోయిన లోహపు జాడలు. గాజుపూత చెంచా కంటే గట్టిది కాబట్టి చెంచాయే అరిగి దాని మీద గీతగా మిగులుతుంది. తడి వంటసోడాతో రుద్దితే పోతాయి. వెంట్రుక బీటల సంగతి అంత తేలిక కాదు. పూతలో మాత్రమే బీట ఉండి, కింది మట్టి బాగా కాలి రాయిలా గట్టిపడిన స్టోన్‌వేర్ అయితే వాడుకోవచ్చు. తక్కువ వేడిలో కాల్చిన మట్టి అయితే ఆ బీటల గుండా నూనె, పులుసు లోపలికి ఇంకి వాసన వేస్తుంది. తేల్చుకోవడానికి పళ్లేన్ని బోర్లించి, అడుగున పూత లేని గరుకు వలయం మీద ఒక నీటి చుక్క వేయండి. చుక్క అలాగే నిలిస్తే మట్టి గట్టిగా కాలినట్టు, ఇంకిపోతే కాలనట్టు.

ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా వంటి చోట్ల తయారయ్యే స్టోన్‌వేర్ రోజువారీ వాడకానికి తగినంత గట్టిదే. నుమాయిష్ మామూలుగా జనవరి 1న మొదలవుతుంది కాబట్టి వచ్చేసారి వెళ్లినప్పుడు కొనే ముందే ఈ నీటి చుక్క పరీక్ష చేయండి. అన్నం తగిలే చోట గాజుపూత పైన వేసిన ఎర్రటి, నారింజ, పసుపు రంగులు వేలికి ఉబ్బుగా తగిలితే ఆ పళ్లేన్ని గోడకు తగిలించుకోండి. అలాంటి రంగులలో సీసం, కాడ్మియం ఉండే అవకాశం ఉంది, పులుపు తగిలితే అవి ఆహారంలోకి దిగుతాయి. పళ్లేలను పేర్చేటప్పుడు ఒకదాని గరుకు అడుగు మరొకదాని పూతను గీరకుండా మధ్యలో పాత నూలు గుడ్డ ముక్కలు వేసుకోండి.